జహాజ్ మీది నఫాసత్ ఎవరి మెహనత్?

'పోష్' అనే మాట మనం రోజూ వాడతాం. పోష్ ఏరియా అంటాం, పోష్ ఇల్లు అంటాం. ఈ మాట పుట్టుక గురించి ఒక కిస్సా చెప్తుంటారు. ఇంగ్లండ్ నుంచి హిందుస్తాన్‌కు ఓడల్లో వచ్చే దొరలకు ఎర్ర సముద్రం మీది ఎండంటే హడల్. వచ్చేటప్పుడు ఓడకు ఎడమ వైపు గది, తిరిగి వెళ్లేటప్పుడు కుడి వైపు గది తీసుకుంటే నీడ పట్టున ఉండొచ్చు. 'పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనే ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలను పీ అండ్ ఓ కంపెనీ వాళ్లు అమీర్ ముసాఫిర్ల టికెట్ల మీద ముద్ర కొట్టేవారట. అదే పోష్ అయిందట.

వినడానికి మజాగా ఉంటుంది, కాని నిజం కాదు. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఇంతవరకు ఒక్కటి కూడా దొరకలేదు. డిక్షనరీలు రాసేవాళ్లు ఈ కథను ఎప్పుడో కొట్టిపారేశారు. అయినా ఓడ ప్రయాణాల మీద ఎవరు వ్యాసం రాసినా ఈ కిస్సా తప్పకుండా వస్తుంది. ఎందుకంటే జనం దాన్ని నమ్మాలనుకుంటున్నారు. నీడ కోసం అంత హిసాబ్ వేసుకుని ప్రయాణం చేసిన కాలం ఒకటి ఉండేదని, అది ఎంత నాజూకు కాలమోనని మురిసిపోవాలనుకుంటున్నారు.

సరే, మురిసిపోండి. నా సవాల్ ఒక్కటే. అదే ఓడలో, అదే ఎర్ర సముద్రం మీద, నీటి మట్టానికి కింద బాయిలర్ ముందు నిలబడి పారతో బొగ్గు వేసిన మనిషికి నీడ ఏ వైపున ఉండేది? అతనికి పోర్టూ లేదు, స్టార్‌బోర్డూ లేదు. అతను హిందుస్తానీ. చాలాసార్లు ముసల్మాన్.

ఈ మాట ఇప్పుడెందుకంటే, లగ్జరీ ఓడ మన ఒడ్డుకు కూడా వచ్చేసింది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు కార్డెలియా క్రూయిజ్ ఓడ బయలుదేరింది. మరుసటి ఏడాది విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. అప్పట్నుంచి మన టీవీల్లో, యూట్యూబ్‌లో ఓడ ప్రయాణాల ముచ్చట్లు ఎక్కువయ్యాయి. టైటానిక్, క్వీన్ మేరీ, పాత కాలపు డిన్నర్లు, మెట్ల మీద నుంచి దిగే గౌన్లు. ఆ ముచ్చట్లలో ఒక తారీఖ్ మొత్తం మాయమైపోతోంది.

మన వాళ్లలో ఇంకో రకం జనం ఉన్నారు. ఇదంతా అయ్యాశీ, అమీర్ల తమాషా, మనకెందుకు భాయ్ అంటారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఆ షాన్‌ను ఒట్టి చేతులతో నిలబెట్టిన వాళ్లలో మన జనం వేలల్లో ఉన్నప్పుడు, మనకెందుకు అనే హక్కు మనకు లేదు.

ముందు ఆ షాన్ ఎలాంటిదో చూద్దాం. పీ అండ్ ఓ కంపెనీ 1837లో టపా మోసే కాంట్రాక్టుతో మొదలైంది. 1869లో సూయెజ్ కాలువ తెరవగానే బంబై దారి దాని సొంత రస్తా అయిపోయింది. ఆ కంపెనీ ఓడల్లో నాకు బాగా నచ్చేది 'వైస్రాయ్ ఆఫ్ ఇండియా'. 1929లో నీళ్ల మీద తిరగడం మొదలుపెట్టింది. ఆవిరితో కరెంటు పుట్టించి ఆ కరెంటుతో నడిచే ఓడ. అందుకే చప్పుడు తక్కువ. లోపల ఈత కొలను ఉంది. పొగ తాగే గదిని పాతకాలపు ఇంగ్లిష్ జమీందారీ హాలులాగా చెక్కపని, పెద్ద పొయ్యి పెట్టి కట్టారు. ఈ అలంకరణ అంతా కంపెనీ అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్ కూతురు ఎల్సీ మెకే చేయించింది. పాపం, ఆమె తన ఓడ నీళ్లలో దిగడం చూడనేలేదు. 1928 మార్చిలో విమానంలో అట్లాంటిక్ దాటబోయి సముద్రంలోనే గాయబ్ అయిపోయింది. మొదట ఆ ఓడకు అనుకున్న పేరు 'తాజ్ మహల్' అట. ఒక రకంగా ఆ పేరే సరిగ్గా ఉండేది. తాజ్ కట్టించినవాడి పేరు మనకు తెలుసు, రాళ్లు మోసినవాళ్ల పేర్లు తెలియవు.

ఆ ఓడ అందాన్ని నేను తక్కువ చేయడం లేదు. పాత ఫొటోలు చూస్తే నాకూ దిల్ ఖుష్ అవుతుంది. మన పెద్దలూ ఆ నఫాసత్‌ను చూసి తారీఫ్ చేసినవాళ్లే. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869లో బంబై నుంచి జహాజ్ ఎక్కి లండన్ వెళ్లారు. ఆ సఫర్ గురించి 'ముసాఫిరాన్-ఎ-లండన్' రాశారు.

షిబ్లీ నోమానీ సంగతి ఇంకా మజా. తర్వాత్తర్వాత మన హైదరాబాద్‌లో నిజాం కొలువులో కొన్నేళ్లు పనిచేసిన ఆలిమ్ ఆయన. 1892లో ప్రొఫెసర్ ఆర్నాల్డ్‌తో కలిసి జహాజ్ ఎక్కారు. దారిలో ఇంజన్ చెడిపోయింది. షిబ్లీ గాబరాగా ఆర్నాల్డ్ దగ్గరికి పరుగెత్తితే ఆయన నింపాదిగా కితాబ్ చదువుకుంటున్నారు. ఓడ మునిగేదే అయితే మిగిలిన ఈ కాస్త టైమ్ పాడుచేసుకోవడం ఎందుకన్నారట. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దవాళ్లను అడగండి, ఈ కిస్సా చెప్పని వాళ్లుండరు. ఇల్మ్ మీద ప్రేమ అంటే ఇదీ అని. నిజమే, గొప్ప కిస్సా. కాని ఆ రోజు ఇంజన్ మళ్లీ తిరిగింది. ఆర్నాల్డ్ కితాబ్ చదివినందువల్ల తిరగలేదు. కింద ఎవరో నూనె చేతులతో, చెమటతో దాన్ని తిప్పారు. నూట ముప్పై ఏళ్లుగా మనం పై అంతస్తు కథనే చెప్పుకుంటున్నాం.

కింద ఉన్నవాళ్లను లస్కర్లు అనేవారు. ఈ మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. నీటిపారుదల శాఖలో కాలువ గట్టు మీద తిరుగుతూ తూములు ఎత్తి దించే మనిషిని మన ఊళ్లలో లస్కరు అనే అంటారు. ఫార్సీలో లష్కర్ అంటే ఫౌజ్. అది పోర్చుగీసు వాళ్ల నోట్లో పడి ఓడ మీది హిందుస్తానీ పనివాడైంది, తిరిగి తిరిగి మన కాలువ గట్టు మీదికి వచ్చింది. ఓడలో వాళ్ల మేస్త్రీ సారంగ్. ఇది కూడా ఫార్సీయే. సర్‌హంగ్, అంటే ఫౌజీ అధికారి. గోదావరి లాంచీ నడిపే సరంగు ఇతనే. సారంగ్ కింద తండేల్. ఈ మధ్య సినిమా వచ్చింది కదా, శ్రీకాకుళం మత్స్యకారుల మీద, ఆ తండేలే. వాళ్లందరి కింద పనిచేసేవాడు ఖలాసీ. మన రైల్వేలో, పోర్టులో కళాసీ. ఒక్క ఓడ నుంచి ఇన్ని మాటలు మన తెలుగులోకి దిగాయి. దిగినట్టు మనకే తెలియదు.

బాయిలర్ గదిలో పొయ్యి వేసేవాడు ఆగ్‌వాలా. బొగ్గు మోసుకొచ్చేవాడు కోయ్‌లావాలా. యంత్రాలకు నూనె పెట్టేవాడు తేల్‌వాలా. వంటవాడు భండారీ, పాకీపని చేసేవాడు తోపాస్. తెల్ల అధికారిని మాలిమ్ సాహెబ్ అనేవారు. అరబ్బీలో ముఅల్లిమ్ అంటే ఉస్తాద్, అందులోంచి వచ్చింది. ఈ జుబాన్ రాకపోతే తెల్ల అధికారి ఓడ నడపలేడు. అందుకే 1811లోనే థామస్ రోబక్ అనే కెప్టెన్ ఇంగ్లిష్-హిందుస్తానీ ఓడ మాటల డిక్షనరీ అచ్చు వేశాడు. అంటే ఏమిటన్నమాట? ఇంగ్లిష్ తహజీబ్‌కు నమూనా అని చెప్పుకునే ఆ ఓడలు కింది అంతస్తుల్లో హుకుమ్ నుంచి జవాబు దాకా హిందుస్తానీలోనే నడిచాయి.

పీ అండ్ ఓ ఓడల్లో పనులు ఇలాకాల వారీగా పంచి ఉండేవి. డెక్ మీద గుజరాత్, కొంకణ్ తీరాల మనుషులు. ఇంజన్ గదిలో పంజాబీలు, పఠాన్లు, ఇంకా బెంగాల్, సిల్హెట్ వైపు ముసల్మాన్లు. డైనింగ్ హాలులో, గదుల్లో ఖిద్మత్‌కు గోవా క్రైస్తవులు. ఒక సారంగ్ తన ఊరి నుంచి, తన చుట్టాల నుంచి మనుషుల్ని తెచ్చుకునేవాడు. పని ఇప్పించినందుకు వాళ్ల తన్‌ఖా లోంచి కోత పెట్టుకునేవాడు. మన వాళ్లు మన వాళ్లనే పీల్చారు. అది దాచాల్సిన సంగతి కాదు.

కంపెనీలకు లస్కర్లంటే ఇష్టం ఎందుకో చూడండి. వీళ్లు తాగరు, గొడవ చేయరు, వేడికి తట్టుకుంటారు అని రాసుకునేవారు. చూడ్డానికి తారీఫ్‌లాగే ఉంటుంది. అసలు సంగతి తన్‌ఖా. లస్కర్లకు వేరే షరతుల మీద ఒప్పందం, దాన్ని ఏషియాటిక్ ఆర్టికల్స్ అనేవారు. అదే ఓడలో అదే పనికి తెల్లవాడికిచ్చే జీతంలో మూడో వంతు, ఒక్కోసారి ఐదో వంతు. పడుకునే జాగా కూడా కానూన్ ప్రకారమే తక్కువ. ఒప్పందం ముగిస్తే లండన్‌లో దిగి అక్కడే వేరే కొలువు చూసుకునే హక్కు లేదు, మళ్లీ హిందుస్తాన్‌కే చేర్చాలి. 1914 నాటికి బ్రిటిష్ ఓడల మీద ఇలాంటివాళ్లు 50 వేలకు పైమాటే. వేడికి తట్టుకుంటారన్న మాట కూడా పచ్చి అబద్ధం. వడదెబ్బకు బాయిలర్ గదుల్లో కూలిపోయినవాళ్లు ఉన్నారు. వేడి భరించలేక పైకొచ్చి సముద్రంలోకి దూకేసినవాళ్లూ ఉన్నారు.

పై అంతస్తులో డిన్నర్‌కు ఐస్‌క్రీమ్. దాన్ని గడ్డ కట్టించిన యంత్రానికి ఆవిరి కావాలి. ఆవిరికి బొగ్గు కావాలి. బొగ్గుకు ఆ మనిషి కావాలి. ఇదే నేను చెప్పేది. నఫాసత్ అనేది గాలిలోంచి రాలేదు. ప్రతి చల్లటి గ్లాసుకూ కింద ఒక వేడి చెయ్యి ఉంది.

దొరల జహాజ్‌లు ఇలా ఉంటే, మన జనం ముసాఫిర్లుగా ఎక్కిన జహాజ్‌ల హాల్ ఏమిటి? రెండు ముచ్చట్లు చెప్తాను.

ఒకటి మన తూర్పు తీరానిది. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచేవి. తెలుగు కూలీలు వేలకు వేలు వాటి డెక్ మీద వెళ్లారు. డెక్ టికెట్ అంటే గది లేదు, మంచం లేదు. ఇనప పలక మీద చాప పరుచుకోవాలి, ఎండొచ్చినా వానొచ్చినా అక్కడే. బర్మాలో మన వాళ్లను కోరంగీలనే పిలిచేవారు, కోరంగి రేవు పేరు మీద. తెలుగువాళ్లకు ఓడ ప్రయాణాల దాస్తాన్ లేదని ఎవరన్నారు? ఉంది. గౌన్లతో కాదు, చాపతో ఉంది.

రెండోది హజ్. 1880 జూలైలో 'జెడ్డా' అనే స్టీమర్ సింగపూర్, పెనాంగ్ నుంచి దాదాపు వెయ్యి మంది హాజీలతో బయలుదేరింది. ఆగస్టులో ఆఫ్రికా కొమ్ము దగ్గర తుఫానులో చిక్కింది. ఓడలోకి నీళ్లు రావడం మొదలైంది. కెప్టెన్, తన బీవీని, తెల్ల అధికారుల్ని వెంటబెట్టుకుని ఒక పడవ దించుకుని వెళ్లిపోయాడు. వేరే ఓడ వాళ్లను ఎక్కించుకుని ఏడెన్‌లో దించింది. జెడ్డా మునిగిపోయింది, హాజీలంతా పోయారు అని అక్కడ చెప్పారు. మరి రెండు రోజుల్లోపే ఇంకో ఓడ జెడ్డాను తాడు కట్టి లాక్కుంటూ ఏడెన్ రేవులోకి తెచ్చింది. హాజీలు బతికే ఉన్నారు, వాళ్లు వంతులు వేసుకుని నీళ్లు తోడుకుంటూ ఓడను నిలబెట్టారు. కెప్టెన్‌కు పడిన సజా ఏమిటో తెలుసా? మూడేళ్లు లైసెన్సు రద్దు. ఈ ఘటన మీదే జోసెఫ్ కాన్రాడ్ 'లార్డ్ జిమ్' నవల అల్లాడు. గొప్ప నవలే. కాని ఆ నవలలో దిల్ అంతా దూకి పారిపోయిన తెల్ల అధికారి పశ్చాత్తాపం మీదే. నీళ్లు తోడి ఓడను కాపాడిన వెయ్యి మంది అందులో ఒక గుంపు, అంతే. ఇదీ షిబ్లీ కిస్సా లాంటిదే. కథ ఎప్పుడూ పైకి చూస్తుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు, 1886లో, హాజీల ప్రయాణాల ఏర్పాట్లను హుకూమత్ ఒక కంపెనీకి అప్పజెప్పింది. ఏ కంపెనీకంటే థామస్ కుక్‌కు. అమీర్ దొరలను నైలు నది మీద విహారానికి తిప్పే థామస్ కుక్కే. ఒకే దుకాణంలో ఒక కౌంటర్ దగ్గర నఫాసత్, ఇంకో కౌంటర్ దగ్గర డెక్ టికెట్. ఏడెనిమిదేళ్లకు ఆ ఏర్పాటు ఆగిపోయింది. విహారం కౌంటర్ మాత్రం ఆగలేదు.

మా నానా 1970లలో హజ్‌కు జహాజ్‌లోనే వెళ్లొచ్చారు. ఊరి నుంచి రైల్లో బంబై, అక్కడ ముసాఫిర్‌ఖానాలో కొన్ని రోజులు, ఆ తర్వాత మొగల్ లైన్ జహాజ్. అప్పటికి ఆ లైన్ మన సర్కారుదే. తిరిగొచ్చాక ఆయన జహాజ్ గురించి చెప్పిన ముచ్చట్లు మా అమ్మీ ఇప్పటికీ చెప్తుంది. వాంతులు, ఉప్పు గాలి, రాత్రి ఇంజన్ చప్పుడుకు పడుకున్న చోటే అదరడం. ఇంకొకటి కూడా చెప్పేవారట. దక్కన్ వాళ్లు, మలబారు వాళ్లు, బిహారీలు, కాశ్మీరీలు, ఒకరి జుబాన్ ఒకరికి రాకపోయినా వారం పది రోజులు ఒకే చోట తిని, పడుకుని, నమాజు చదివి రేవు చేరేసరికి ఒక మొహల్లా అయిపోయేవారని. విమానంలో అయిదారు గంటల్లో దిగిపోయే ఇప్పటి హాజీకి ఆ మొహల్లా లేదు. 1995 తర్వాత ముంబై నుంచి హజ్ జహాజ్‌లు ఆగిపోయాయి. దరియా దారిని మళ్లీ తెరుద్దామని మధ్యమధ్యలో మాట వస్తూనే ఉంటుంది. నాకైతే తెరిస్తే బాగుండనే ఉంది. డెక్ టికెట్లు మాత్రం వద్దు.

మళ్లీ లగ్జరీ ఓడ దగ్గరికొస్తాను. 'సిటీ ఆఫ్ బెనారెస్' అని ఒక ఓడ ఉండేది. బంబై, కరాచీల దారిలో తిప్పడానికి 1936లో గ్లాస్గోలో కట్టారు. అందమైన ఓడ. 1940 సెప్టెంబర్‌లో దాన్ని వేరే పనికి తీసుకున్నారు. జర్మన్ బాంబుల నుంచి కాపాడటానికి ఇంగ్లండ్ పిల్లల్ని కెనడాకు పంపుతున్నారు, ఈ ఓడలో అలాంటి పిల్లలు 90 మంది. సెప్టెంబర్ 17 రాత్రి తుఫాను మధ్య జర్మన్ జలాంతర్గామి దాన్ని కొట్టింది. 90 మందిలో 77 మంది పిల్లలు పోయారు. ఇంగ్లండ్ మొత్తం ఏడ్చింది, ఇప్పటికీ యాద్ చేసుకుంటుంది. ఏడవాల్సిందే. అదే రాత్రి అదే నీళ్లలో దాదాపు వంద మంది లస్కర్లు కూడా పోయారు. పలచటి బట్టల్లో, ఉత్తర అట్లాంటిక్ చలిలో. ఒక పడవ మాత్రం ఎనిమిది రోజులు తేలుతూ చివరికి దొరికింది. అందులో ఆరుగురు పిల్లలున్నారని అన్ని కితాబుల్లోనూ ఉంటుంది. ఆ పడవలో ఎక్కువమంది లస్కర్లేనన్నది ఒక వాక్యంలో అయిపోతుంది.

దీనికి ఏడాది ముందే, యుద్ధం మొదలవగానే, లస్కర్లు చాలా రేవుల్లో హర్తాళ్ చేశారు. టార్పీడోలు వచ్చే సముద్రంలోకి పాత జీతానికి వెళ్లం అన్నారు. జైళ్లలో వేశారు. అయినా తగ్గలేదు, చివరికి జీతం పెరిగింది, యుద్ధం భత్యం వచ్చింది. అయినా తెల్లవాడి జీతానికి దరిదాపుల్లోకి రాలేదు. వీళ్లను సాత్వికులు, విధేయులు అని కంపెనీలు ఎంత రాసుకున్నా, హక్ అడగడం వీళ్లకు బాగానే తెలుసు.

పాత సంగతులు కదా, ఇప్పుడంతా మారిపోయింది కదా అంటారా? పేర్లు మారాయి. పీ అండ్ ఓ వాళ్ల ప్రయాణికుల ఓడల వ్యాపారం 2003లో కార్నివాల్ అనే అమెరికన్ కంపెనీలో కలిసింది. దాంతోపాటు వెళ్లిన ప్రిన్సెస్ ఓడల్లో ఒకటి 'డైమండ్ ప్రిన్సెస్'. 2020 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా సోకిందని ఆ ఓడను జపాన్ యొకోహామా రేవులో ఆపేశారు. ముసాఫిర్లను గదులు దాటి రావద్దన్నారు. మరి వాళ్ల గది తలుపు దగ్గరికి మూడు పూటలా ఖానా ఎవరు తెచ్చిచ్చారు? సిబ్బంది. వాళ్లకు విడి గదులు లేవు, ఒక్కో గదిలో ఒకరికి మించి. ఆ ఓడలో 138 మంది హిందుస్తానీలుంటే 132 మంది సిబ్బందే, ముసాఫిర్లు ఆరుగురు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వంద ఏళ్ల కింద ఓడలో మనం ఎక్కడ ఉన్నామో ఇప్పుడూ దాదాపు అక్కడే ఉన్నాం. కాకపోతే బొగ్గు పార స్థానంలో ట్రే వచ్చింది.

అన్యాయంగా మాట్లాడకూడదు, మారినవీ ఉన్నాయి. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ఉంది, మన దేశం 2015లో దాన్ని ఒప్పుకుంది. రోజులో కనీసం పది గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉంది. తిప్పి చదివితే రోజుకు పద్నాలుగు గంటల పని కానూన్ ప్రకారమే చేయించుకోవచ్చు. ఓడలు చాలావరకు బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలతో తిరుగుతాయి. జెండా ఏ దేశానిదైతే ఓడ మీద కానూన్ చాలావరకు ఆ దేశానిదే. ఫిర్యాద్ చేయాలంటే ఎక్కడికెళ్లాలో కర్నూలు కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

మా చాచా కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. క్రూయిజ్‌లో కొలువు ఇప్పిస్తానని ఒక ఏజెంట్ రెండు లక్షల పైన తీసుకున్నాడు. ఇంట్లో అమ్మాయి నిఖా కోసం దాచిన జేవర్ కుదువ పెట్టారు. ఏడాది తిప్పుకున్నాక తెలిసింది ఏమిటంటే, అలా కొలువు ఇప్పించినందుకు ఓడ పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడమే ఆ ఒప్పందం ప్రకారం నేరమని. ఓడల మీదికి మనుషుల్ని పంపాలంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఎవరెవరికి ఉందో ఆ ఆఫీసు వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. మీ ఇంట్లో, మీ మొహల్లాలో ఓడ కొలువుల మీద ఆశపడే పిల్లలుంటే ముందు ఈ రెండు ముక్కలు చెప్పండి. పాత సారంగ్ తన్‌ఖాలో కోత పెట్టేవాడు, కొత్త సారంగ్ తన్‌ఖా రాకముందే కోస్తున్నాడు.

నేనేదో ఓడలెక్కొద్దని చెప్పడం లేదు. పైసలుంటే నేనూ ఎక్కుతాను. విశాఖ నుంచి పొద్దు గుంకేవేళ డాల్ఫిన్ నోస్ కొండ వెనక్కి పోతుంటే డెక్ మీద నిలబడి చాయ్ తాగాలని నాకూ ఉంది. విహారం పాపం కాదు. నా పేచీ ఆ పాత కాలాన్ని గిల్ట్ ఫ్రేముల్లో పెట్టి అమ్మే పద్ధతితో. సముద్రం మీది రాజసం, తరతరాల పరంపర అంటూ ఎక్కడ చూసినా షాండిలియర్లు, కెప్టెన్ గడ్డం, షాంపేన్ గ్లాసులు. పరంపర అంటే దాన్ని మోసిన భుజం కూడా ఉండాలి కదా. ఇంగ్లండ్‌లో ఇప్పుడు లస్కర్ల తారీఖ్ మీద కితాబులు వస్తున్నాయి, పరిశోధనలు జరుగుతున్నాయి. ఓడ దిగి అక్కడే ఉండిపోయిన సిల్హెట్ లస్కర్లు పెట్టిన చిన్న చిన్న హోటళ్లే ఇవాళ్టి ఇంగ్లండ్ కర్రీ హౌస్‌లకు పునాది అని వాళ్లే ఒప్పుకుంటున్నారు. మన దగ్గర మాత్రం లస్కరు అంటే కాలువ తూము తిప్పేవాడు, అంతవరకే.

విశాఖ టెర్మినల్ గోడ చాలా పెద్దది. అక్కడ టూరిజం వాళ్లు ఏ బొమ్మలు పెడతారో పెట్టుకోనీ. ఒక పక్కన రంగూన్ స్టీమర్ డెక్ మీది తెలుగు కూలీల బొమ్మ ఒకటి, బాయిలర్ ముందు నిలబడ్డ ఆగ్‌వాలా బొమ్మ ఒకటి పెట్టమని అడుగుదాం. సారంగ్, తండేల్, ఖలాసీ అనే మాటలు తెలుగులో రాసి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో రెండు వాక్యాలు రాయమందాం. పైసా ఖర్చు పెద్దగా లేని పని. పేర్లు దొరకవు కదా అని ఎవరైనా అంటే అదీ నిజం కాదు. లండన్ టవర్ హిల్ దగ్గర యుద్ధాల్లో పోయిన ఓడ మనుషుల పేర్లు కంచు పలకల మీద, ఓడ వారీగా చెక్కి ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పోయిన హిందుస్తానీ ఓడ మనుషుల పేర్లు మాత్రం ఒక కితాబ్‌లో ఉన్నాయి. ఒక ప్రతి చిట్టగాంగ్‌లో, ఒక ప్రతి ముంబైలో మస్జిద్ బందర్ దగ్గరి ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో. 6 వేలకు పైగా పేర్లు. ఈసారి ముంబై వెళ్లినప్పుడు నేను అక్కడికి వెళ్లబోతున్నాను. మీలో ఎవరైనా ముంబైలో ఉంటే తోడు రండి.